మీకు ప్రాణమైన లైవ్ ఆల్బమ్ ఏది? అందులో మిమ్మల్ని కట్టిపడేసింది ఏమిటి?

వేణునాదం

చాలా రోజులుగా ఈ చర్చ మొదలుపెట్టాలని ఉంది. స్టూడియోలో పదిసార్లు పాడి, బాగున్న ముక్కలు ఏరి అతికించిన పాట వేరు. జనం ఎదురుగా ఉండగా ఒక్కసారి జరిగి, జరిగింది జరిగినట్టే టేపు మీదికి ఎక్కిన పాట వేరు. నాకు రెండోదే ఇష్టం. మీకు ప్రాణమైన లైవ్ ఆల్బమ్ ఏదో చెప్పండి. ఊరికే పేరు చెప్పి వెళ్ళిపోకండి, అందులో ఏ చోట మీ ఒళ్ళు పులకరిస్తుందో కూడా రాయండి.

నాది జాజ్ పియానిస్ట్ కీత్ జారెట్ కోల్న్ కాన్సర్ట్. 1975 జనవరి 24, జర్మనీలోని కొలోన్ (జర్మన్‌లో కోల్న్) ఆపెరా హౌస్. ఆయన అడిగిన పెద్ద పియానో రాలేదు. రిహార్సల్స్‌కి వాడే చిన్న బోసెండోర్ఫర్ కంపెనీ పియానో ఒకటి స్టేజీ మీద పెట్టారు. పై స్వరాలు రేకు డబ్బాలా మోగుతున్నాయి, కింది స్వరాల్లో బరువు లేదు, పెడళ్ళు సరిగ్గా పనిచేయడం లేదు. ఆయనకేమో నడుం నొప్పి, నిద్ర లేదు. వాయించనని వెళ్ళిపోబోయాడు. కచేరీ ఏర్పాటు చేసిన వేరా బ్రాండెస్ అప్పటికి టీనేజీ అమ్మాయి. ఆమె బతిమాలితే ఒప్పుకున్నాడు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో, నిండిన హాల్లో మొదలైంది.

ఆఖరి చిన్న ముక్క తప్ప ముందుగా రాసుకున్న స్వరం లేదు, అంతా మనోధర్మమే, అప్పటికప్పుడు అల్లిందే. పియానోకి పైనా కిందా బలం లేదు కాబట్టి ఎక్కువగా మధ్య స్థాయిలోనే తిరిగాడు. బరువు కోసం ఎడమ చేత్తో ఒకే వరసను పదే పదే మోగిస్తూ పోయాడు. మనకి ఇప్పుడు మంత్రం చదివినట్టు వినిపించే ఆ లక్షణం పాడుపడిన వాయిద్యం పుణ్యమే. చెవి పెట్టి వింటే ఆయన మూలుగులు, కాలితో నేలని తన్నడం కూడా వినిపిస్తాయి.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది మొదటి అయిదు సెకన్లు. ఆ ఆపెరా హౌస్‌లో ప్రేక్షకుల్ని లోపలికి పిలిచే గంట ఒకటి ఉంటుంది. ఆయన ఆ గంట స్వరాలతోనే మొదలుపెట్టాడు. అది గుర్తుపట్టిన కొందరు సన్నగా నవ్వడం రికార్డులో ఉంది. ఆ నవ్వు సద్దుమణిగేలోపే ఆ నాలుగైదు స్వరాలు ఇంకేదో అయిపోతాయి. ఆ క్షణం కోసమే నేను ఆ రికార్డుని ఇన్నిసార్లు విన్నాను.

గిటార్_శీను

నిర్వాణ అనే రాక్ బృందం, ఎంటీవీ అన్‌ప్లగ్డ్ ఇన్ న్యూయార్క్. ఇంకో మాట లేదు.

వేణునాదం

శీను గారూ, ఏ చోట? ఎందుకు? అది చెప్తేనే కదా మేమూ వెళ్ళి వినేది.

గిటార్_శీను

సరే, రాస్తాను. 1993 నవంబర్ 18న రికార్డు చేశారు. తర్వాతి ఏప్రిల్‌లో వాళ్ళ గాయకుడు కర్ట్ కోబేన్ చనిపోయాడు, నవంబర్‌లో ఆల్బమ్ వచ్చింది. స్టేజీ నిండా తెల్ల లిల్లీ పూలు, కొవ్వొత్తులు. అలా కావాలని అడిగింది ఆయనే. తమ పెద్ద హిట్లు పక్కనపెట్టి ఎక్కువమందికి తెలియని పాటలు, ఇతరుల పాటలు ఎంచుకున్నారు. దాదాపు అన్నీ ఒక్క టేక్‌లోనే అయిపోయాయి.

చివరి పాట పాత జానపదం, లెడ్ బెల్లీ అనే పాతతరం గాయకుడి పద్ధతిలో పాడాడు. ఆఖరి చరణంలో గొంతు ఒక్కసారిగా పై స్థాయికి ఎగురుతుంది. అప్పటిదాకా లోగొంతుతో గొణిగినవాడు అరుస్తాడు, అరుపు మధ్యలో గొంతు చీలుతుంది. సరిగ్గా ఆఖరి పాదం మధ్యలో ఆగిపోతాడు. ఊపిరి పీల్చిన చప్పుడు. అంతే. తర్వాత మిగిలిన మాటలు. ఆ ఊపిరి దగ్గర నేను ప్రతిసారీ నా ఊపిరి బిగబడతాను. ఇంకో పాట పాడమని ఎంటీవీ వాళ్ళు అడిగితే దానిని మించి పాడలేనని ఒప్పుకోలేదట. నిజమే, దాని తర్వాత ఏం పాడతారు?

పాతరికార్డు

నాది జాజ్. బిల్ ఎవాన్స్ త్రయం, 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న క్లబ్బు. ఒకే రోజు మధ్యాహ్నం, రాత్రి కలిపి అయిదు సెట్లు వాయించారు. పియానో ఎవాన్స్, బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషియన్.

పియానో పాడుతుంటే వెనక నిలబడి తాళం వేయడం అప్పటికి బేస్ పని. లఫారో అలా నిలబడడు. పియానో ఒక మాట అంటే తను ఇంకో మాట అంటాడు, ఒక్కోసారి అడ్డు కూడా తగులుతాడు. ముగ్గురు స్నేహితులు ఒకరి మాట ఒకరు అందుకుంటూ కబుర్లు చెప్పుకున్నట్టు ఉంటుంది.

ఇక జనం సంగతి. గ్లాసులు తగిలిన చప్పుడు, ఎవరో నవ్వడం, పక్క బల్ల దగ్గర మాటలు అన్నీ వినిపిస్తాయి. అక్కడ ఉన్నవాళ్ళలో చాలామంది అసలు వినడం లేదు! పదకొండు రోజుల తర్వాత, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 25. ఆ త్రయం మళ్ళీ వాయించలేదు. ఎవాన్స్ చాలా నెలలు పియానో జోలికే వెళ్ళలేదంటారు. ఆ సంగతి తెలిసి వింటుంటే ఆ గ్లాసుల చప్పుడు గుండెలో గుచ్చుకుంటుంది. తమ ఎదురుగా ఏం జరుగుతోందో ఆ గదిలో ఒక్కరికీ తెలియదు.

శ్రావ్య_స్టూడియో

అందరూ ఒకే దారిలో వెళ్తున్నారు కాబట్టి నా మాట వేరుగా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. నాకు లైవ్ ఆల్బమ్‌లు ఎక్కవు. గాయకుడు ఆయాసపడుతుంటాడు, గిటార్ శృతి తప్పుతుంది, ఎవరో ఈలలు వేస్తుంటారు. అదే పాట స్టూడియోలో ఎంతో శ్రద్ధగా చేసి ఇచ్చారు కదా? కచేరీకి వెళ్ళినవాళ్ళకి అది జ్ఞాపకం. వెళ్ళనివాళ్ళం మనం, మనకి దొరికేది ఆ పాట నాసిరకం కాపీ. పైగా మీరు చెప్పిన మూడింటిలో రెండిటికి చావు కథలు తోడున్నాయి. ఆ కథ తీసేస్తే ఆ సంగీతం అంతే గొప్పగా ఉంటుందా?

వేణునాదం

శ్రావ్య గారూ, కోపం ఎందుకండీ, ఇలాంటి ప్రశ్న రావాలనే కోరుకున్నాను. లైవ్ ఆల్బమ్‌లలో నాసిరకం కాపీలు బోలెడు ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ కోల్న్ కాన్సర్ట్‌కి స్టూడియో ప్రతి లేదు, ఉండే వీలూ లేదు. ఆ రాత్రికి ముందు ఆ సంగీతం దాదాపు లేనే లేదు. కాపీ అనాలంటే అసలు అనేది ఒకటి ఉండాలి కదా.

మిక్సర్_వెనక

నేను కచేరీలకి సౌండ్ చేస్తాను. శ్రావ్య గారి ప్రశ్నకి నా వైపు నుంచి కొంత చెప్పాలి.

స్టేజీ మీద ఏ మైకూ ఒంటరిగా ఉండదు. గాయకుడి మైకులోకి డ్రమ్స్ దూరతాయి, డ్రమ్స్ మైకుల్లోకి గిటార్ దూరుతుంది. దీన్ని లీకేజీ అంటాం. స్టూడియోలో దీన్ని ఆపడానికి గోడలు, అద్దాలు, వేరే గదులు పెడతారు. లైవ్‌లో ఆపలేం. అందుకే ఇంటికొచ్చి గొంతు ఒక్కటీ మార్చి పాడదామన్నా కుదరదు, పాత గొంతు మిగతా మైకుల్లో దెయ్యంలా వినిపిస్తూనే ఉంటుంది. అంతా ఒకరిలో ఒకరు కలిసిపోయి ఉంటారు. మీరు మురికి అనుకునే ఆ శబ్దంలోనే వాళ్ళు ఒకే గాలిలో నిలబడ్డారన్న సంగతి ఉంది.

ఇక జనం శబ్దం. హాలు మధ్యలో రెండు మైకులు పెడతాం. శబ్దం ఒక మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. స్టేజీకి 30 మీటర్ల దూరంలో ఉన్న మైకుకి డ్రమ్ దెబ్బ 90 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఉన్నదున్నట్టు కలిపితే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. కాబట్టి ఆ ట్రాకుని ముందుకి జరపాలి, లేదా పాటకీ పాటకీ మధ్య మాత్రమే పెంచాలి.

మొదట్లో ఒకసారి ఒక కచేరీ రికార్డు చేశాను. స్టేజీ మీది మైకులన్నీ సరిగ్గా ఎక్కాయి, హాల్లో మైకులు పెట్టలేదు. మర్నాడు హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. వాయిద్యాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. పాట అయిపోయింది. ఎక్కడో చాలా దూరంలో, గోడ అవతల వర్షం పడుతున్నట్టు, గాయకుడి మైకులోకి దూరిన చప్పట్లు. వందల మంది లేచి నిలబడ్డ రాత్రి అది. నేను కళ్ళారా చూశాను. రికార్డులో ఆ మనుషులు లేరు. బృందం ఆ పాటని అంత వేగంగా ఎందుకు ఎత్తుకుందో, మధ్యలో అంతసేపు ఎందుకు ఆగిందో వినేవాడికి అర్థం కాదు. జనం కూడా ఒక వాయిద్యమేనని నాకు ఆ రోజు తెలిసింది.

పాతరికార్డు

మిక్సర్ గారూ, అయితే డ్యూక్ ఎలింగ్టన్ న్యూపోర్ట్ కథ మీకు బాగా తెలిసుండాలి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను!

మిక్సర్_వెనక

చెప్పకుండా ఉంటానా. 1956 జూలై 7, న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం. ఎలింగ్టన్ బృందం పని ఇక అయిపోయిందని జనం అనుకుంటున్న కాలం. ఆ రాత్రి ఒక పాత బ్లూస్ రచన మధ్యలో పాల్ గొన్సాల్వెస్ టెనర్ శాక్సఫోన్ ఎత్తుకుని 27 ఆవర్తాలు ఆపకుండా వాయించాడు. ఏడో ఎనిమిదో ఆవర్తం దగ్గర ఒకావిడ లేచి నాట్యం మొదలుపెట్టింది. తర్వాత జనమంతా లేచారు. రికార్డులో ఆ కేకలు మెట్టు మెట్టుగా పెరగడం వినొచ్చు.

చిక్కెక్కడంటే, స్టేజీ మీద రెండు రకాల మైకులున్నాయి. ఒకటి రికార్డు కంపెనీది, ఒకటి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. ఆయన రేడియో వాళ్ళ మైకు ముందు నిలబడ్డాడు. దాంతో ఆల్బమ్‌లో ఆ సోలో దూరంగా, పక్క వీధిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. మిగతా కచేరీలో కొంత నచ్చక, ఆ తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి, దానికి చప్పట్లు అతికించారు. దశాబ్దాలపాటు జనం విన్నది ఆ అతుకుల ఆల్బమే. రేడియో వాళ్ళ టేపు దొరికాక, రెండు టేపుల్నీ జతచేసి 1999లో కొత్తగా విడుదల చేశారు. ఒక టేపు ఒక చెవికి, ఇంకో టేపు ఇంకో చెవికి. అప్పుడు గొన్సాల్వెస్ మన ముందుకొచ్చి నిలబడ్డాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి, నా వృత్తి ఏమిటో అర్థమవుతుంది.

శ్రావ్య_స్టూడియో

అంటే మీరే చెప్తున్నారు, ప్రపంచంలోనే పేరున్న లైవ్ ఆల్బమ్‌లో సగం లైవ్ కాదని!

రాగంతానం

న్యూపోర్ట్ ఒక్కటే కాదండీ. జానీ క్యాష్ ఫోల్సమ్ జైలు ఆల్బమ్ ఉంది కదా, 1968 జనవరి 13న ఖైదీల ముందు పాడింది. మొదటి పాటలో మనిషిని చంపానని చెప్పే పాదం రాగానే ఖైదీలు హోరెత్తినట్టు వినిపిస్తుంది. ఆ హోరు తర్వాత కలిపింది. గార్డులు చూస్తుండగా అక్కడ కేకలేసే ధైర్యం ఎవరికుంటుంది? థిన్ లిజ్జీ 1978లో తెచ్చిన డబుల్ ఆల్బమ్‌లో ముప్పాతిక వంతు స్టూడియోలో దిద్దిందేనని నిర్మాత టోనీ విస్కాంటీ అన్నాడు, బృందం కాదంది. గ్రేట్‌ఫుల్ డెడ్ 1972 యూరప్ ఆల్బమ్‌లో కూడా గొంతులు చాలావరకు తర్వాత పాడినవే.

నాకు దిద్దుబాటు మీద కోపం లేదు. తీగ తెగితే ముడి వేస్తాం. కానీ జనం చేయని పనిని చేసినట్టు చూపించడం నాకు నచ్చదు. ఫోల్సమ్‌లో కలిపిన హోరు నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే వాళ్ళు మౌనంగా ఉండటమే అసలు కథ. భయం వల్ల పుట్టిన ఆ మౌనాన్ని ఉన్నదున్నట్టు ఉంచి ఉంటే ఇంకా బరువుగా ఉండేది.

అయినా ఆ ఆల్బమ్ వదులుకోలేను. ఆఖరి పాట రాసింది ఆ జైల్లోనే ఉన్న గ్లెన్ షర్లీ అనే ఖైదీ. జానీ క్యాష్ ఆ పాటని ముందు రోజే విన్నాడు, మర్నాడు పాడేశాడు. షర్లీ ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. పాడబోతున్నారని ఆయనకి ముందుగా తెలియదు. తన పాట తనకే అలా చేరిన ఆ నిమిషాలు మాత్రం ఎవరూ కలిపినవి కావు.

గిటార్_శీను

దిద్దని ఆల్బమ్ కావాలంటే డీప్ పర్పుల్ మేడిన్ జపాన్. 1972 ఆగస్టు 15, 16 ఒసాకాలో, 17 టోక్యోలో. జపాన్‌లో మాత్రమే అమ్ముదామని చేశారు, బృందానికి పెద్దగా ఆసక్తే లేదు. పాడింది పాడినట్టే వదిలేశారు. ఒక చోట గొంతుకీ గిటార్‌కీ జుగల్బందీ నడుస్తుంది. రిచీ బ్లాక్‌మోర్ ఏది వాయిస్తే ఇయన్ గిలన్ అది నోటితో అంటాడు, పోటీ పెరిగి పెరిగి చివరికి గిలన్ కీచుమని పై స్వరానికి వెళ్తాడు. వినండి!

మిక్సర్_వెనక

దానికి జోడీగా ద హూ బృందం, లైవ్ ఎట్ లీడ్స్, 1970 ఫిబ్రవరి 14. కేబుళ్ళలో ఏదో లోపం వల్ల టేపులో చిటపటలు ఎక్కాయి. రికార్డు లేబుల్ మీద చేతిరాతలో ఒక మాట ముద్రించారు: చిటపటలు ఉండొచ్చు, సరిచేయొద్దు అని. 1995లో కొత్త ప్రతి తెచ్చినప్పుడు కంప్యూటర్‌తో వాటిని తీసేశారు. నాకు చిటపటలున్న ప్రతే ఇష్టం.

రాగంతానం

ఇంకో సంగతి. జనం అంటే అందరూ చప్పట్ల గురించే అంటున్నారు. 1966 మే 17న మాంచెస్టర్‌లో బాబ్ డిలన్ జానపద పద్ధతి వదిలి ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నందుకు హాల్లోంచి ఒకరు "జూడాస్!" (ఏసుని పట్టించిన ద్రోహి యూదా) అని అరిచారు. నిన్ను నమ్మనని, నువ్వు అబద్ధాలకోరువని డిలన్ జవాబిచ్చి, వెనక్కి తిరిగి బృందాన్ని ఇంకా గట్టిగా వాయించమన్నాడు. తర్వాత వచ్చిన మొదటి డ్రమ్ దెబ్బ తలుపు పగలగొట్టినట్టుంటుంది. ఆ టేపు ఏళ్ళ తరబడి లండన్ కచేరీ అనే తప్పుడు పేరుతో దొంగచాటుగా తిరిగి, 1998లో సక్రమంగా విడుదలైంది. స్టూడియోలో ఎంత డబ్బు పోసినా ఆ కోపం రాదు.

తంబురా

ఆలస్యంగా వచ్చాను, అందరివీ చదివాను. మన సంగీతం ఇంకా రాలేదు కాబట్టి నేను చెప్తాను.

1971 ఆగస్టు 1, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్, బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా, తంబురా మీద కమలా చక్రవర్తి. శృతి చేసుకోవడం ముగియగానే జనం చప్పట్లు కొట్టారు. శృతే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని రవిశంకర్ మెత్తగా అన్నారు. దీన్ని చాలామంది నవ్వుకోవడానికి చెప్పుకుంటారు. నాకు అలా అనిపించదు. నాలుగు వాయిద్యాలు మెల్లగా ఒక స్వరం దగ్గరికి చేరుకుంటుంటే, ఏమీ తెలియని చెవికి కూడా అది అందంగానే వినిపించింది. అదేమీ తప్పు కాదు.

రెండోది శక్తి అనే బృందం మొదటి ఆల్బమ్. 1975 జూలై 5న ఒక కాలేజీలో లైవ్‌గా రికార్డు చేశారు. జాన్ మెక్లాఫ్లిన్ గిటార్, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం. మొదటి పాట 18 నిమిషాలు. ఘటం, తబలా ఒకదానికొకటి జవాబు చెప్పుకునే చోట నేను వేళ్ళతో తాళం వేస్తాను, ప్రతిసారీ ఎక్కడో ఒక చోట తప్పిపోతాను, వాళ్ళు సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడే క్షణంలో మళ్ళీ కలుస్తాను. స్టూడియో ఆల్బమ్ వింటూ నేనెప్పుడూ తాళం వేయలేదు.

పాతరికార్డు

తంబురా గారూ, చాలా బాగా చెప్పారు. అరీతా ఫ్రాంక్లిన్ చర్చి ఆల్బమ్ కూడా మీకు నచ్చుతుంది. 1972 జనవరి 13, 14, లాస్ ఏంజెలెస్‌లో ఒక బాప్టిస్ట్ చర్చి. అప్పటికే ఆవిడ పెద్ద తార, అయినా చిన్నప్పుడు నేర్చుకున్న భక్తి పాటల దగ్గరికి తిరిగొచ్చింది. ప్రధానమైన పాట పది నిమిషాలు దాటుతుంది. అందులో ఉన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కో మాట మీద ఎంతసేపు నిలుస్తుందో, ఎన్ని గమకాలు వేస్తుందో చూడండి. నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా పెంచి పాడటం) అంటే ఏమిటో తెలిసిన చెవికి వేరే పరిచయం అక్కర్లేదు. పక్కన రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్ మొహం కప్పుకుని ఏడ్చేశాడు. అది ఆ కచేరీ సినిమాలో కనిపిస్తుంది. బొమ్మకీ శబ్దానికీ జత కుదరక ఆగిపోయిన ఆ సినిమా 2018లో గానీ బయటికి రాలేదు.

వేణునాదం

జనం వాయిద్యమే అన్న మిక్సర్ గారి మాట పట్టుకుని నేను ఇంకొకటి చేర్చాలి. గాయకుడు డానీ హాథవే ఆల్బమ్, పేరు లైవ్, 1972లో వచ్చింది. ఆ రోజుల్లో అందరికీ తెలిసిన ఒక స్నేహం పాట ఉంది. పియానో మీద మొదటి రెండు మూడు స్వరాలు పడగానే జనం కేరింతలు కొడతారు. పల్లవి వచ్చేసరికి ఆయన పక్కకి తప్పుకుంటాడు, గదంతా పాడుతుంది. వాళ్ళు అరవడం లేదు. మెత్తగా, శృతిలో, ఒక ఇంట్లోవాళ్ళు కూర్చుని పాడుకున్నట్టు. ఒక గొంతు మాత్రం మిగతావాళ్ళకన్నా కాస్త ముందే అందుకుంటుంది. ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు. అదే ఆల్బమ్‌లో విల్లీ వీక్స్ బేస్ సోలో మొదట్లో చాలా నెమ్మదిగా ఉంటుంది, ఒక్కో వరసకీ జనం కేక పెరుగుతుంది, ఆ కేక విని ఆయన ఇంకో మెట్టు ఎక్కుతాడు. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చెప్పలేం.

శ్రావ్య_స్టూడియో

రెండు రోజులు ఏమీ రాయలేదు. మీరు చెప్పినవి వింటూ కూర్చున్నాను.

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. మేడిన్ జపాన్ నాకు ఎక్కలేదు శీను గారూ, సోలోలు చాలా పొడుగు. డానీ హాథవే చాలా నచ్చింది. విలేజ్ వాన్‌గార్డ్ దగ్గర మాత్రం ఆగిపోయాను. లఫారో చనిపోయిన సంగతి మనసులోంచి తీసేసి వినాలని గట్టిగా ప్రయత్నించాను. అది కష్టం, కానీ కొంతసేపటికి కుదిరింది. అప్పుడు కూడా బాగుంది. బేస్ అలా మాట్లాడటం నేను ఇదివరకు వినలేదు.

2005లో వచ్చిన పూర్తి రికార్డింగుల సెట్ ఉంది, ఆ రోజు వాయించిన వరసలోనే. మొదటి పాట మొదటి టేక్ మధ్యలో కరెంటు పోయింది. శబ్దం జారిపోయి, ఆగిపోయి, మళ్ళీ వస్తుంది. వచ్చేసరికి వాళ్ళు పాటలో ఇంకెక్కడో ఉన్నారు. టేపు ఆగినా వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. ఆ మధ్యలో వాయించింది ఆ గదిలో ఉన్నవాళ్ళకే తెలుసు. స్టూడియోలో అయితే ఆ టేక్ చెత్తబుట్టలోకి వెళ్ళేది, నేనే వేయమనేదాన్ని. నిన్నటి నుంచి ఆ ఖాళీ దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్తున్నాను. మిక్సర్ గారూ, ఆ రోజు హాల్లో మైకులు పెట్టని మీ రికార్డింగు ఇంకా మీ దగ్గర ఉందా?

మిక్సర్_వెనక

ఉందండీ. పారేయలేదు.